మేనమామ ఒడి

ఫోనులో మాట ఆగిపోయి చాలాసేపయింది. అయినా వకుళాదేవి దాన్ని చెవి దగ్గర పెట్టుకొని అలాగే నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారాయి. ఆమె చూడలేదు. మంగళవారం, తెల్లవారి ఆరు గంటలు. పూజగదిలో దీపం వెలుగుతోంది. మేడ మీద గదిలో కోడలు యున్ బిడ్డను పక్కలో వేసుకొని నిద్రపోతోంది. ఇంకో గంటకు ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ దిగివచ్చి, “అత్తమ్మా, కాఫీ ఉండాదా?” అని అడుగుతుంది. అప్పుడు తను ఏం చెప్పాలి?

మళ్ళీ ఒకసారి నొక్కి విన్నది. చైనాలో ఉన్న వియ్యపురాలి మాటను తెలుగు చేసి వినిపించే ఫోను అది. కష్టం చెప్పినా సుఖం చెప్పినా ఒకటే గొంతు, రైల్వే స్టేషన్లో బండి వేళలు చదివినట్లు.

“అక్కా, మా ఆయన పొద్దున రోజూలాగే నేల మీద కూర్చుని మళ్ళీ లేవలేకపోయారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట రావడం లేదు. ఆసుపత్రిలో ఉన్నాం. కూతుర్ని పిలిపించమని డాక్టరు చెప్పారు. నేను చెబితే ఏడుపు ఆపుకోలేను, అది బెదిరిపోతుంది. మీరు పెద్దవారు. పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా చెప్పండి. ఈ రోజే పంపండి.”

నేల మీద కూర్చుని... ఆ మాట దగ్గరే వకుళాదేవి మనసు ఆగిపోయింది. ఆ పెద్దమనిషికి నేల మీద కూర్చోవలసిన అవసరం ఏముంది? కుర్చీలో బతికినవాడు, బల్ల మీద తిన్నవాడు. అరవై నాలుగేళ్ళ వయసులో ఆయన్ని నేల మీద కూర్చోబెట్టింది ఎవరు? తను కాదూ?

వకుళాదేవి కొడుకు శ్రీకృష్ణ యోగా నేర్పడానికి చైనా పోయి ఎనిమిదేళ్ళు దాటింది. అక్కడి పెద్ద ఊళ్ళలో ఆడపిల్లలు పొద్దున తొమ్మిదికి ఆఫీసులో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి గాని లేవరట. అలా కూర్చుని మెడ పట్టేసి, నిద్ర పట్టక, యోగాకు వచ్చిన పిల్ల యున్. ఇద్దరూ అక్కడే పెళ్ళి చేసుకున్నారు. ఆ కబురు విని వకుళాదేవి నెల రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా సయించక ఏడ్చింది. తిరుమంజనాలు, తిరునక్షత్రాలు తప్ప మరొకటి తెలియని వైష్ణవుల ఇల్లు. భర్త ముకుందం ముప్ఫై ఆరేళ్ళు దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయినవాడు. ఆ ఇంటికి చైనా కోడలా? అప్పుడు ముకుందం ఒక మాటే అన్నాడు: “పెరుమాళ్ళు ఆ దేశానికి దేవుడు కాదని నీకెవరు చెప్పినారే?”

తరువాత లోకాన్నంతా ఇళ్ళల్లో మూసిపెట్టిన జబ్బు వచ్చింది. అదీ పోయిందనుకున్న రోజుల్లో మనవరాలు జాహ్నవి ఏడో నెలలోనే పుట్టింది. గాజుపెట్టెలో పెట్టారు. నలభై రోజులు తల్లి కూడా ఎత్తుకోలేదు. ఆ నలభై రోజులూ వకుళాదేవి ఒంటిపూట తిని కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది. “స్వామీ, ఈ పసిగుడ్డును దక్కించు. మూడో ఏడు నిండకముందే నీ కొండకు తెచ్చి తలనీలాలు ఇప్పిస్తాను.” బిడ్డ దక్కింది. కానీ శ్రీకృష్ణ పనిచేసే యోగా కేంద్రం ఒకరోజు పొద్దున తలుపు తెరవనే లేదు. ఆ ఊళ్ళో అలాంటివి వరసగా మూతపడ్డాయట. ఏడాదిన్నర కిందట ముగ్గురూ తిరుపతి వచ్చేశారు.

వచ్చిన పిల్లను చూసి వకుళాదేవి కోపం వారం కూడా నిలవలేదు. యున్ పొద్దున్నే తలస్నానం చేసి ముగ్గు వేసేది. ముగ్గు వంకర పోతే చెరిపి మళ్ళీ వేసేది. ఇంట్లో పనిచేసే నాగులమ్మ వెంట తిరిగి తెలుగు నేర్చుకుంది. నాగులమ్మది ఐరాల పక్క పల్లె. దాంతో కోడలి నోట అచ్చం ఆ పల్లె మాటే పలికేది. ఒకసారి ముకుందం స్నేహితుడొకాయన వచ్చి, “అయ్యవారు లేరా అమ్మా?” అంటే, “మామయ్య యాడికో పోయినాడు, వస్తాడు కూసో” అన్నది. ఆయన ఉలిక్కిపడి గుమ్మం దాటి బయటే నిలబడ్డాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వారు.

పుట్టువెంట్రుకల మాట వచ్చినప్పుడే మొదటిసారి వకుళాదేవికి కోడలి దేశం అర్థమయింది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి కదా.

“మీ అన్నదమ్ములెవరైనా వస్తారా తల్లీ?”

“అన్నా లేడు, తమ్ముడూ లేడు అత్తమ్మా.”

“సొంతవాళ్ళు కాకపోతే పెద్దమ్మ, చిన్నాన్న కొడుకులు?”

“పెద్దమ్మకు ఒక పాప. చిన్నాయనకు ఒక పాప. అంతే.”

చాట పక్కన పెట్టి నాగులమ్మ బుగ్గ నొక్కుకుంది. “అదేం దేశం తల్లీ, మేనమామే లేకుండా. మరి బిడ్డ అలిగితే యాడికి పోతాది?”

యున్ నవ్వింది. “మా ఇస్కూల్లో నలభై మందిమి. ఒక్కరికీ అన్న లేడు. అన్న అనే మాట పుస్తకంలో ఉండాది నాగులమ్మా, ఇంట్లో లేదు. నీ దామోదరాన్ని పిలిచినప్పుడే నేను ఫస్టు ఆ మాట నోటితో అన్నాను.”

దామోదరం నాగులమ్మ కొడుకు. కొండకు జీపు నడుపుతాడు. యున్ అతన్ని అన్నా అని పిలిస్తే, “చెప్పు సెల్లెమ్మా” అని పలుకుతాడు.

వకుళాదేవికి మనసు ఊరుకోలేదు. రోజూ పూజ ముగించి ఆరు గంటలకు వియ్యపురాలితో మాట్లాడడం అలవాటు. ఆమె కూడా ఆ వేళకు కూరగాయలు తెచ్చుకొని కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు ఒక్కసారైనా ముట్టుకున్నవారు కారు. కానీ ఏ పచ్చడికి ఎంత ఉప్పో, ఎవరి మోకాలు ఎక్కడ నొప్పో అన్నీ తెలుసు. మేనమామ సంగతి అడిగిన మరునాడు ఆమె నుంచి చాలా పొడుగు మాట వచ్చింది.

“అక్కా, మేనమామ ఉండవలసింది. యున్ కు మూడేళ్ళప్పుడు మళ్ళీ నెల తప్పింది. అప్పట్లో ఒక్కరే కావాలని చట్టం. రెండోది ఉంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఫ్యాక్టరీ నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆరో నెల. మగపిల్లవాడని నర్సు నోరు జారింది. ఇంటికొచ్చాక మా వీధి సర్కారు ఆఫీసువాళ్ళు ఎర్ర అట్ట పుస్తకం ఇచ్చి, మంచి తల్లి అని మెచ్చుకున్నారు. మొన్న అదే వీధి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. మీ కూతురికి ఒక్కతేనా, ముగ్గురిని కనమని చెప్పండి అంటోంది. నాకు నవ్వు వచ్చింది అక్కా. నవ్వుతూనే తలుపు వేసుకున్నాను.”

ఆ రోజు వకుళాదేవి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయింది. దేశానికి మంచిదని పెద్దలు ఒక మాట అన్నారు. ఇప్పుడు కాదని వాళ్ళే అంటున్నారు. మధ్యలో పోయిన ఆ పిల్లవాడిని ఎవరు తెచ్చిస్తారు? అయినా... మనం అందరినీ కని ఏం నిలుపుకున్నాం? తన తోడబుట్టిన ముగ్గురిలో ఏడాదికొకసారైనా గుమ్మం తొక్కేది ఎవరు?

రెండు రోజులకు వియ్యంకుడే ఫోనులో కనిపించాడు. సన్నటి మనిషి, నున్నగా దువ్విన తెల్లజుట్టు. మేనమామ లేకపోతే తాత ఒడి పనికిరాదా అని అడిగాడు. మాతామహుడు, ఆయనకంటే ఎవరు కావాలి? వకుళాదేవి సంతోషంతో, “రండి అన్నయ్యా, కానీ మా దాంట్లో కుర్చీ పనికిరాదు. నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చోవాలి” అన్నది. ఎంత తేలిగ్గా అన్నది ఆ మాట!

ఆ మరునాటి నుంచి ఆయన సాధన మొదలుపెట్టాడు. పొద్దున్నే నేల మీద గుడ్డ పరిచి, గోడ పట్టుకొని, మోకాళ్ళు విరుచుకుంటూ కూర్చునేవాడు. ఒడిలో బిడ్డకు బదులు దిండు. వియ్యపురాలు నవ్వుతూ వీడియో పంపేది. మొదట రెండు నిమిషాలు, తరువాత పది. లేచేటప్పుడు ఆయన “గోయిందా” అనేవాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే. ఎప్పుడూ దేశం దాటని మనిషి కొత్తగా పాస్ పోర్టు తీసుకున్నాడు. వీసాకు కాగితాలు పెట్టాడు. అవి వేళకు రాలేదు. బిడ్డకు ఈ ఆదివారంతో మూడో ఏడు నిండుతుంది. ఇంక ఆగడానికి లేదు.

“దామోదరం అన్న ఒడిలో కూసోబెడదాం” అన్నది యున్.

వకుళాదేవి మొగుడి ముఖం చూసింది. వాళ్ళు వేరు, మనం వేరు కదా అని పైకి అనలేదు. ముకుందానికి వినబడనే వినబడింది. “కొండ మీద స్వామి ఎవరి ఒడి అని అడుగుతాడటే? ఆ పిల్ల నోరారా అన్నా అంటోంది. అంతకంటే ఏం వరస కావాలి?” అన్నాడు. ఈ గురువారం పొద్దున కొండకు పోవడానికి అన్నీ నిశ్చయమయ్యాయి. తను రాలేకపోయినా వియ్యంకుడు సాధన మానలేదు. “ఈసారి కాకపోతే చెవులు కుట్టేటప్పుడు కూర్చుంటాను” అన్నాడట.

ఆ గుడ్డ మీదే... ఆ దిండు ఒడిలో పెట్టుకొనే...

వకుళాదేవి కళ్ళు తుడుచుకుంది. మంగళవారం. ఇప్పుడు చెబితే యున్ ఈ రాత్రే చెన్నై పోయి విమానం ఎక్కుతుంది. బిడ్డను వదిలి పోదు. వెళితే ఎప్పటికి వచ్చేది? మొక్కు? గాజుపెట్టెలోని ఆ నలభై రోజులు గుర్తొచ్చాయి. స్వామికి ఇచ్చిన మాట తప్పితే ఆ బిడ్డకు ఏమైనా అయితే? రెండు రోజులు. రెండే రోజులు. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, డాక్టర్లున్నారు. గురువారం సాయంత్రం చెబుదాం. స్వామి అంతవరకు ఆయన్ని కాపాడలేడా? స్వామి పని మీదే కదా ఆలస్యం చేస్తున్నది...

ఆమె ఫోనులో “చెబుతాను” అన్నది. తరువాత, వియ్యపురాలి నుంచి వచ్చిన మాటనూ, తన మాటనూ చెరిపేసింది. చెరపడం ఎలాగో నేర్పింది కోడలే.

“ఏమే, పాలు పొంగిపోయినాయే” అంటూ ముకుందం వచ్చాడు.

“శుభమే లెండి” అన్నది వకుళాదేవి.

బుధవారం పొద్దున మళ్ళీ వచ్చింది. “అక్కా, బయల్దేరిందా? ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. తలుపు వైపే చూస్తున్నారు. ఎవరు లోపలికి వచ్చినా ఎడమ చెయ్యి కాస్త పైకి లేస్తోంది.”

వకుళాదేవి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. “టికెట్టు దొరకడం లేదు. అబ్బాయి తిరుగుతున్నాడు” అన్నది. అది చైనా మాటయి గువ్వలాగా ఎగిరిపోయింది. అబద్ధమైతే వద్దని ఆ యంత్రమైనా అనలేదు.

ఆ మధ్యాహ్నం యున్ హాల్లో కూర్చుని ఎర్ర పట్టు చొక్కాకు గుండీ కుడుతోంది. బిడ్డ గుండు తరువాత తొడగడానికి తాత పంపిన మేనమామ బట్టలు. స్నేహితుడెవరో ఈ వైపు వస్తుంటే ఇచ్చి పంపాడు.

“సూడు అత్తమ్మా, చేతులు పొడుగుండాయి. ఐదేళ్ళ బిడ్డకు కొన్నట్టుండాడు నాయన. ఇది తొడిగి ఇప్పుడే ఫోటో పంపితే నవ్వుతాడు.”

“రేపు పంపుదువు తల్లీ” అన్నది వకుళాదేవి తొందరగా. “గుండుతో కలిపి ఒకేసారి చూస్తారు. ఈ రోజు ఫోను ఎందుకు?”

“సరే” అన్నది యున్. అత్తగారు చెప్పిన దేనికీ ఆ పిల్ల ఎదురు చెప్పదు. దారం పంటితో కొరికి, జాహ్నవిని దగ్గరకు లాక్కొని, “రేపు తాత నిన్ను సూసి ఏమంటాడు?” అని అడిగింది. బిడ్డ రెండు చేతులూ ఎత్తి, “గోయిందా” అన్నది.

వకుళాదేవి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది.

గురువారం తెల్లవారేసరికి దామోదరం జీపులో కొండెక్కారు. అతను తలంటుకొని, కొత్త పంచె కట్టుకొని, నుదుట నామం పెట్టుకొని ఉన్నాడు. “సెల్లెమ్మా, నా జీవితంలో ఇంత పెద్ద ఉద్యోగం ఎవరూ ఇయ్యలేదు” అంటే శ్రీకృష్ణ కూడా నవ్వాడు. కల్యాణకట్ట దగ్గర జనం, తడి నేల, గోవింద నామాలు, గుండ్ల మీద చందనం వాసన. వరసలో నిలబడి ఉండగా వకుళాదేవి చేతిసంచిలో ఫోను కదిలింది. ఆమె నీళ్ళ కొళాయి పక్కకు పోయి, ఒక చెవి మూసుకొని విన్నది.

“అక్కా, వెళ్ళిపోయారు. తెల్లవారుజామున. కళ్ళు నేనే మూశాను. యున్ ను దారిలో ఏడవనివ్వకండి. బిడ్డ భయపడుతుంది.”

చుట్టూ గోవిందా, గోవిందా అని వందమంది అరుస్తున్నారు. వకుళాదేవికి ఏమీ వినబడలేదు. పెళ్ళయిన కూతురికి తండ్రి పోతే మూడు రోజుల మైల. ఈ మాట యున్ చెవిన పడిందా, ఆ క్షణాన గుండూ లేదు, దర్శనమూ లేదు. కొండ దిగిపోవాలి. ఆమెకు తన అత్తగారు గుర్తొచ్చింది. ఏ పెళ్ళిలోనో చావు కబురు వస్తే ఆవిడ తలుపు దగ్గరే ఆపేసి, “విననంతవరకు మైల లేదే” అనేది. శాస్త్రం అదే చెబుతుంది. వినలేదు కాబట్టి లేదు. వకుళాదేవి ఆ మాటను చేతికర్రలాగా పట్టుకొని వరసలోకి తిరిగి నడిచింది.

“ఎవరు అత్తమ్మా?”

“ఎవరో... ఏదో ప్రకటన.”

దామోదరం ఒడిలో జాహ్నవి ఏడవలేదు. మంగలి చెయ్యి తిరుగుతుంటే కింద పడుతున్న జుట్టును ఆశ్చర్యంగా చూసింది. ఆ తరువాత యున్ ముందుకు వంగింది. “నేను కూడా మూడు కత్తెరలు ఇస్తాను అత్తమ్మా. నాయన మోకాళ్ళు బాగుండాలని మొక్కుకున్నాను.” వద్దన్న మాట వకుళాదేవి నోటి దాకా వచ్చింది. ఏమని వద్దంటుంది? మూడు నల్లటి పాయలు తడి నేల మీద పడ్డాయి. బిడ్డకు ఎర్ర చొక్కా తొడిగారు. దర్శనం అయింది. స్వామి ముందు నిలబడ్డ ఆ ఒక్క క్షణంలో వకుళాదేవి కళ్ళు తెరవలేదు.

సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరారు. నాగులమ్మ దిష్టి తీసి బిడ్డను ఎత్తుకుంది. యున్ ఫోను అందుకొని, “ఇప్పుడు పంపుతాను ఫోటో” అన్నది. వకుళాదేవి ఆ చేతిని పట్టుకుంది. పక్కన కూర్చోబెట్టుకొని నెమ్మదిగా చెప్పమన్నది ఆ తల్లి. కానీ వకుళాదేవి కూర్చోనూ లేదు, నెమ్మదిగా చెప్పనూ లేదు.

“మీ నాయన పోయినారమ్మా... ఈ పొద్దున పోయినారు.”

యున్ అర్థం కానట్లు చూసింది. తరువాత లేచింది. నాగులమ్మ చేతిలోంచి బిడ్డను తీసుకొని, ఒక్కొక్క గుండీ విప్పి, ఆ ఎర్ర చొక్కా తీసేసింది. మడత పెట్టింది. వాళ్ళ దేశంలో చావు ఇంట ఎర్ర బట్ట కంటపడకూడదు. చందనం పూసిన బోడిగుండుతో, ఒంటి మీద గుడ్డ లేకుండా జాహ్నవి హాలు మధ్యలో నిలబడి ఉంది.

“ఏమయినాది నాయనకు?” అన్నది యున్ అప్పుడు.

“నేల మీద కూర్చుని లేవలేకపోయారట. పక్షవాతం.”

“ఎప్పుడు?”

వకుళాదేవి తల వంచుకుంది.

“అత్తమ్మా. అమ్మ నీకు ఎప్పుడు చెప్పింది?”

“మంగళవారం పొద్దున.”

శ్రీకృష్ణ, “అమ్మా, ఏం చేశావు నువ్వు?” అని ముందుకు వచ్చాడు. యున్ మొగుడిని చేత్తో ఆపింది. ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటోంది, చిన్న పిల్లలు కూడికలు చేసినట్లు.

“మంగళవారం రాత్రి విమానం ఎక్కితే బుధవారం సాయంత్రానికి పోతాను. అప్పటికి ఉండాడు నాయన. సూస్తా ఉండాడు. కదా?”

“తలుపు వైపు చూస్తున్నారని చెప్పింది...” వకుళాదేవి ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. “మొక్కు తల్లీ... గాజుపెట్టెలో ఉన్నప్పటి మొక్కు. రెండు రోజులే అనుకున్నాను. బిడ్డకు ఏమన్నా అవుతుందని భయపడ్డాను. కొండ మీద చెబితే నీకు మైల వస్తుందని... నన్ను కొట్టు తల్లీ, తిట్టు.”

యున్ తిట్టలేదు. తన జడ చివర కత్తిరించిన చోటు వేళ్ళతో తడుముకుంది. “మా దాంట్లో అమ్మానాయన పోతే నూరు దినాలు ఎంట్రుక కూడా తెంచరు అత్తమ్మా. నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు.” అంతే అన్నది. మేడ మెట్లు ఎక్కుతుంటే నాగులమ్మ వెనకే పోయింది. పైనుంచి ఆ పిల్ల ఏడుపు వినబడింది, తన భాషలో. ఆ ఏడుపును తెలుగు చేసే యంత్రం ఎవరి దగ్గరా లేదు. అక్కరా లేదు.

శ్రీకృష్ణకు ఆ దేశపు వీసా తీరిపోయి చాలాకాలమయింది. శుక్రవారం రాత్రి విమానానికి తల్లీబిడ్డలే బయల్దేరారు. చెన్నై దాకా దామోదరమే జీపులో దింపాడు. పోయేటప్పుడు యున్ అత్తమామలకు వంగి దండం పెట్టింది. అదే వకుళాదేవి ప్రాణాన్ని ఎక్కువ కోసింది.

మూడో రోజు పొద్దున దాటనివ్వరట, శనివారం పొద్దునే అక్కడ దహనం అయిపోయింది. యున్ సాయంత్రానికి చేరింది. పాడె కదిలే ముందు కొడుకు ఒక మట్టిపాత్ర నేలకేసి పగలగొట్టడం వాళ్ళ ఆచారమట. పూర్వం కొడుకు లేకపోతే అన్నదమ్ముల కొడుకు చేసేవాడు. ఇప్పుడు ఉన్న ఒక్క కూతురే చేస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. ఆ కూతురూ అందకపోతే? శవయాత్ర ఏర్పాట్లు చూసే కంపెనీ నుంచి వచ్చిన ఒక యువకుడు తెల్లబట్ట చుట్టుకొని, నాయనా అని ఏడ్చి, పాత్ర పగలగొట్టాడట. ఆ వీడియో వియ్యపురాలు పంపింది. “బాగా ఏడ్చాడు అక్కా ఆ అబ్బాయి. ఎవరి బిడ్డో” అన్నది.

పది రోజులకు యున్ ఫోను చేసింది.

“అత్తమ్మా, నేను రాను. కోపంతో కాదు. అమ్మ ఒక్కతే ఉండాది. ఈ వీధి దాటి రానంటాది.”

“అబ్బాయిని పంపుతాను తల్లీ. వీసా రాగానే...”

“వస్తే రానీ. ఈడ పని లేదు. అత్తమ్మా, ఇంకొక మాట. అమ్మకు చెప్పద్దు. టికెట్టు దొరకలేదనే చెప్పినాను నేను కూడా. రోజూ ఆరింటికి నీ మాట కోసం కూసోని ఉంటాది. అది కూడా పోతే అమ్మకు ఏముండాది?”

శ్రీకృష్ణకు మూడు నెలల వీసా వచ్చింది. పోయాడు, తీరగానే తిరిగి వచ్చాడు. మేడ మీద పడుకుంటాడు, పిలిస్తే తింటాడు. తల్లితో అవసరమైన మాటలే మాట్లాడతాడు. జాహ్నవిని అక్కడ బడిలో వేశారు. ఆ బడిలో ముందు పన్నెండు తరగతులుండేవట. పిల్లలు లేక ఇప్పుడు రెండే మిగిలాయి. తక్కిన గదుల్లో మంచాలు వేసి ముసలివాళ్ళను చూసుకుంటున్నారు. అమ్మమ్మా, మనవరాలూ పొద్దున ఒకే గుమ్మంలోకి పోయి సాయంత్రం ఒకేసారి వస్తారు. ఫోటోల్లో జాహ్నవి జుట్టు భుజాల దాకా పెరిగింది. తెలుగు మాటలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. మొన్న నాన్నమ్మను చూసి ఎవరని తల్లిని అడిగింది.

ముకుందం భార్యను ఏమీ అనలేదు. ఒకరోజు తులసి కోట దగ్గర నిలబడి తనలో తాను అనుకున్నట్లు మాత్రం అన్నాడు: “వెంట్రుకలు ఆయన అడిగినాడా, మనమే ఇస్తామన్నామా?” వకుళాదేవి ఆ ప్రశ్నను ఎన్నిసార్లు తిప్పి చూసినా అది తన వైపే తిరిగి నిలబడుతోంది.

ఆ గురువారం తరువాత ఆమె పూజగది గడప దాటలేదు. పూలు కట్టి, ప్రసాదం వండి, గడప బయట నుంచే అందిస్తుంది. లోపల ముకుందం ఒక్కడే తిరువారాధన చేసుకుంటాడు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పి అని చెబుతుంది. మూడో రోజు తలంటుకుంటే మైల పోతుంది, అది విన్నవాళ్ళకు. విని, దాచి, ఆ మాటతోనే స్వామి ముందు నిలబడ్డవాళ్ళకు ఎన్ని రోజులని ఏ శాస్త్రంలో ఉంది? ఆమెకు తెలిసిన పెద్దలెవరూ చెప్పలేదు. అడగడానికి ఆమెకు నోరూ రాలేదు.

ఈ రోజు కూడా ఆరు గంటలయింది. వకుళాదేవి గడప బయట గోడకు ఆనుకొని కూర్చుంది. ఫోను మోగింది.

“అక్కా, ఈ రోజు మా ఆయన బట్టలు సర్దాను. ఆ గుడ్డ, దిండు మాత్రం అక్కడే ఉంచాను. యున్ చెప్పింది, టికెట్టు కోసం మీరు రెండు రోజులు అన్నం కూడా తినకుండా తపించారట. నాకు తోడబుట్టినవాళ్ళున్నారు గాని ఇంత ఎవరూ చేయలేదు. మీ రుణం ఎలా తీర్చుకోను? మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేల మీద కూర్చోకండి అక్కా.”

వకుళాదేవి ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుంది. పెదవులు కదిలాయి. నేనే... నేనే చేశాను చెల్లెలా... ఆ మాట గొంతు దాటితే అక్కడ ఆరు గంటలకు ఎదురుచూసే మనిషికి ఆ ఆరు గంటలు కూడా ఉండవు.

“నొప్పి తగ్గింది చెల్లెలా” అన్నది ఫోనులో. “కుర్చీలోనే కూర్చున్నాను.”

నేల చల్లగా ఉంది. లోపల గంట మోగుతోంది. ఆమె లేవలేదు.